అప్‌డేట్: నాన్నగారి యెజ్డీకి లివర్ దొరికింది

నాన్నగారి పాత 250 సీసీ యెజ్డీ బైక్‌కి కిక్ కొడుతుంటే కిక్ లివర్ జారిపోతోంది, ఒరిజినల్ ఎక్కడ దొరుకుతుందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. జావా, యెజ్డీ బైకులవాళ్లు ఏటా కలిసే జావా డే మీట్‌లో పాత పార్టులు మార్చుకుంటారు, వెళ్లమని మీలో కొందరన్నారు. జులై రెండో ఆదివారం హైదరాబాద్‌లో జరిగితే వెళ్లాను.

తెలియనివారి కోసం: ఈ బళ్లకి కిక్కూ గేరూ ఒకటే లివర్. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, స్టార్టయ్యాక ముందుకు వాలిస్తే గేర్. దాని పళ్లు అరిగాయంటే రెండూ పోయినట్టే. ఈ బళ్లు తయారుచేసిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి అసలు సరుకంతా ఇలా చేతులు మారాల్సిందే.

టార్పాలిన్ మీద పార్టులు పరుచుకుని కూర్చున్న ఒక పెద్దాయన లివర్ వెంటనే ఇవ్వలేదు. "ముందు లివర్ బిగించే షాఫ్ట్ చూడనీ బాబూ. దాని పళ్లు పోతే ఇదీ నిలవదు" అన్నారు. పాత లివర్ విప్పి, వేలితో తడిమి చూశారు. షాఫ్ట్ బాగానే ఉందట! అప్పటిదాకా ఒకటే టెన్షన్. నా దగ్గరున్న హెడ్‌లైట్ రింగ్ తీసుకుని లివర్ ఇచ్చారు, డబ్బు ముట్టుకోలేదు. ఆయనకి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే.

ఇప్పుడు కిక్ గట్టిగా పడుతోంది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. ఎడమవైపు సైలెన్సర్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మార్పిడికైనా సరే.