సంక్రాంతికి భీమవరం: రెండు రాష్ట్రాల బడి సెలవులు కలవట్లేదు, టికెట్లు ఏ తేదీలకు తీసుకోవాలి?

గోదారిగట్టు (2025 నవంబరు 6)
బాబు హైదరాబాద్‌లో ఏడో తరగతి, స్టేట్ సిలబస్. పాప విజయవాడ హాస్టల్లో తొమ్మిది. అకడమిక్ క్యాలెండర్ ప్రకారం తెలంగాణలో సంక్రాంతి సెలవులు జనవరి 11 నుంచి 15 వరకే, ఆంధ్రలో 10 నుంచి 18 వరకు. తెలంగాణలో పెంచుతారేమో అని ఆగితే రైల్లో సీటు దొరకదు. రానూపోనూ ఏ తేదీలు పెట్టుకోవాలి? పాపని దారిలో ఎలా కలుపుకోవాలి?

పట్టాలబండి
వెళ్లేదానికి పెద్దగా ఆలోచించక్కర్లేదండి. 10 రెండో శనివారం, బాబుకి ఎలాగూ సెలవే. 9 శుక్రవారం రాత్రి బయల్దేరండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. అంటే 9వ తేదీ టికెట్ నవంబరు 10 సోమవారం పొద్దున 8కి. తిరుగు ప్రయాణం 16న అయితే నవంబరు 17, 18న అయితే నవంబరు 19.

బుకింగ్ తెరవగానే ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఐఆర్‌సీటీసీ ఖాతాలకే టికెట్. ఆ పని ఈ రాత్రే చేసేయండి. అందరి పేర్లు, వయసులు ఆ ఖాతాలో ఉండే మాస్టర్ లిస్టులో ముందే ఎక్కించండి. డబ్బు ఐఆర్‌సీటీసీ వాలెట్‌లో వేసి ఉంచడం మంచిది, కార్డు ఓటీపీ కోసం చూసేలోపు వెయిటింగ్ లిస్టు మొదలైపోతుంది.

నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ మీదుగా భీమవరం టౌన్ వెళ్తుంది. భీమవరానికి సీట్లు లేకపోతే నర్సాపూర్ దాకా తీసుకుని భీమవరంలో దిగిపోండి. చివరి స్టేషన్‌కి కోటా ఎక్కువ, ఛార్జీలో తేడా కొద్దిగానే.

బడిపంతులు
తెలంగాణలో సెలవులు మారితే ఆ ఉత్తర్వు పండక్కి కొద్దిరోజుల ముందు గానీ రాదు, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. క్యాలెండర్ ప్రకారం బడి 16న తెరవాలి, అదేమో కనుమ. 17 శనివారం, 18 ఆదివారం. ఏడో తరగతికి రెండు రోజులు పోతే నష్టమేం లేదు, క్లాస్ టీచరుకి ముందే లీవ్ లెటర్ ఇవ్వండి. పదో తరగతైతే మాత్రం ఈ మాట చెప్పను.

పాప బడి ఏ యాజమాన్యానిదో చూసుకున్నారా? ఆంధ్రలో క్రిస్టియన్ మైనారిటీ బడులకు సెలవులు 10 నుంచి 15 వరకే. హాస్టల్‌కి ఫోన్ చేసి పాపని ఏ రోజు, ఎన్ని గంటలకు పంపుతారు, తిరిగి ఎప్పటిలోపు చేర్చాలి అన్నది అడగండి. గేట్ పాస్ ఎవరి పేరున ఇస్తారో కూడా. చాలాచోట్ల అమ్మానాన్నలు స్వయంగా వస్తేనే పంపుతారు.

కృష్ణలంక
రైలు అర్ధరాత్రి దాటాక విజయవాడ చేరుతుంది, ఆ వేళ హాస్టల్ గేటు తియ్యరు. ఒకరు విజయవాడలో దిగి, పొద్దున పాపని తీసుకుని బస్టాండు నుంచి భీమవరం బస్సెక్కడమే తేలిక.

తిరుగు ప్రయాణంలోనే తిరకాసు. పాపని దింపేవాళ్లు విజయవాడలో ఎక్కాలి, మిగతావాళ్లు భీమవరంలో. బోర్డింగ్ పాయింట్ (ఎక్కే స్టేషన్) మారిస్తే ఆ పీఎన్ఆర్ (టికెట్ నంబరు) మీదున్న అందరికీ మారుతుంది. మార్చకుండా భీమవరంలో ఎక్కకపోతే టీటీఈ ఆ బెర్తు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. కాబట్టి పాపతో వెళ్లేవాళ్లకి విజయవాడ నుంచి విడిగా టికెట్ తీసుకోండి.

గోదారిగట్టు
హాస్టల్‌కి 18 సాయంత్రంలోపు చేర్చాలట. బాబు సంగతి తేలేదాకా 16, 18 రెండు రాత్రులకీ తీసుకుని ఒకటి రద్దు చేస్తే ఎంత పోతుంది?

పట్టాలబండి
2025 రూల్స్ ప్రకారం కన్ఫర్మ్ అయిన థర్డ్ ఏసీ టికెట్‌ని 48 గంటల ముందే రద్దు చేస్తే మనిషికి 180 రూపాయలు, పైన జీఎస్టీ. స్లీపర్‌కి 120. రైలుకి 48 గంటల లోపు రద్దు చేస్తే ఛార్జీలో కనీసం 25 శాతం. మీరు ముగ్గురూ థర్డ్ ఏసీ అయితే 540 చిల్లర. నన్నడిగితే 18 ఒక్కటే తీసుకోండి. పాప కోసం ఒకరు ఎలాగూ ఆ రోజు దాకా ఉండాలి, కనుమ రాత్రి మిగిలిన ఇద్దరూ పెట్టె సర్దుకుని వచ్చి చేసేదేముంది?