బలహీనపడిన చీలమండకు ఏ రకం బ్రేస్ వాడాలి?

ప్రశ్న:
ఆరు వారాల క్రితం మెట్లు దిగుతుండగా నా కుడి పాదం లోపలి వైపుకు మడతపడి చీలమండ బెణికింది. వాపు తగ్గింది గానీ, ఎగుడుదిగుడు నేల మీద నడిచినప్పుడల్లా పాదం మళ్లీ అటే ఒరుగుతోంది. ప్రస్తుతం సాగే తొడుగు వాడుతున్నాను. అది చాలుతుందా? పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా నాన్నగారి ఎడమ పాదం ముందు భాగం నేలకు రాసుకుంటోంది. ఆయనకూ ఇదే తొడుగు పనికొస్తుందా?

మొదటి సమాధానం:
సాగే తొడుగు వాపును కొంత అణచిపెడుతుందే తప్ప పాదాన్ని ఒరగకుండా ఆపలేదు. ఇలాంటి బెణుకులో ఎక్కువగా దెబ్బతినేవి చీలమండ బయటి వైపు లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే బంధనాలు) కాబట్టి, లేసులతో బిగించి పైన పట్టీలను ఎనిమిది అంకె ఆకారంలో చుట్టుకునే బ్రేస్ గానీ, రెండు పక్కలా గట్టి ప్లాస్టిక్ పలకలుండే స్టిరప్ బ్రేస్ గానీ మీకు నప్పుతుంది. స్టిరప్ రకంలో పాదం పైకీ కిందికీ బాగానే ఆడుతుంది, పక్కకు ఒరగడం మాత్రమే తగ్గుతుంది. అయితే ఆరు వారాల తర్వాతా పట్టు తప్పుతోందంటే, కొనే ముందు ఎముకల వైద్యునికి ఒకసారి చూపించడం మంచిది.

రెండవ సమాధానం:
నాన్నగారిది వేరే సమస్య. దానిని ఫుట్ డ్రాప్ అంటారు. పాదాన్ని పైకెత్తే కండరాలు పనిచేయనప్పుడు పక్కల బిగించే బ్రేస్ వల్ల ప్రయోజనం లేదు. పిక్క వెనక నుంచి అరికాలి కిందికి ఎల్ అక్షరంలా వంగి వచ్చే ఏఎఫ్ఓ (యాంకిల్ ఫుట్ ఆర్థోసిస్, అంటే చీలమండనూ పాదాన్నీ కలిపి పట్టి ఉంచే ఆధారం) కావాలి. కాలు బిగుసుకుపోతూ ఉంటే పల్చటి రకం చాలదు, గట్టిది వేయించాలి. అందుకే కొలతలు తీసి చేయించడమే మేలు. మా అమ్మగారికి చేయించినప్పుడు, బూటు లోపలి అట్ట తీసేస్తే తప్ప అది పట్టలేదు, చివరకు ఒక సైజు పెద్ద బూట్లు కొన్నాము. లోపల ముడతలు లేని పొడవాటి మేజోడు తొడిగించి, విప్పిన ప్రతిసారీ చర్మం చూడండి. అరగంట దాటినా ఎర్రటి మచ్చ పోకపోతే అక్కడ ఒత్తిడి పడుతున్నట్టే. పాదంలో స్పర్శ తగ్గినవారికి నొప్పి తెలియదు కనుక ఈ పరీక్ష మానకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. బ్రేస్ అలవాటైతే కండరాలు ఇంకా బలహీనపడతాయేమోనని నా భయం.

మొదటి సమాధానమిచ్చినవారు:
దానికి విరుగుడు వ్యాయామమే. ఫిజియోథెరపిస్టు సరేనంటే, గోడ పక్కన ఒంటికాలిపై నిలబడడం రోజూ సాధన చేయండి. నిలకడ వచ్చేకొద్దీ ఇంట్లో బ్రేస్ తీసేసి, ఆటలకూ ఎగుడుదిగుడు దారులకూ మాత్రం ఉంచుకోవచ్చు.