బ్లడ్‌వర్మ్‌లకు అలవాటు పడిన ఆక్సోలోటల్‌లను వానపాములకు మళ్లించడం ఎలా?

ప్రశ్న:
నేను రెండు ఆక్సోలోటల్‌లను (జీవితమంతా నీటిలోనే మొప్పలతో బతికే సాలమాండర్ రకం ఉభయచరాలను) వేర్వేరు తొట్లలో పెంచుతున్నాను. రెండూ సుమారు పదిహేను సెంటీమీటర్ల పొడవు పెరిగాయి. చిన్నప్పటి నుంచి గడ్డకట్టించిన బ్లడ్‌వర్మ్‌లే (నీటిలో పెరిగే సన్నటి ఎర్రటి కీటక లార్వాలే) వాటి ఆహారం. ఈ వయసులో వానపాములే ప్రధానాహారం కావాలని తెలుసుకుని కంపోస్టు ఎరువులో పెరిగే ఎర్ర వానపాములను వేస్తున్నాను. ఒకటి వాటిని నోట్లోకి లాక్కుని వెంటనే ఉమ్మేస్తోంది, రెండోది అసలు దగ్గరికే రావడం లేదు. కొన్నాళ్లు ఆకలితో ఉంచితే దారికి వస్తాయా?

మొదటి జవాబు:
ఈ రెండింటి ఇబ్బంది ఒకటే అనుకోవద్దని నా మనవి. తీసుకుని ఉమ్మేసే దానికి ఆకలి ఉంది, రుచే నచ్చడం లేదు. మీరు చెప్పిన ఎర్ర వానపాములు, అంటే ఐసీనియా ఫెటిడా జాతివి, ముట్టుకోగానే చేదైన పసుపుపచ్చ ద్రవాన్ని వదులుతాయి. చాలా ఆక్సోలోటల్‌లు దాన్ని సహించలేవు. వానపామును కొన్ని క్షణాలు వేడినీళ్లలో ముంచి తీసి, చల్లటి నీళ్లతో బాగా కడిగితే ఆ చేదు చాలావరకు పోతుంది. వీలైతే నైట్‌క్రాలర్ అనే పెద్ద వానపాముల రకానికి మారడం ఇంకా మేలు.

ముక్క పరిమాణం కూడా చూడాలి. ఆక్సోలోటల్ నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో పాటు ఆహారాన్ని లోపలికి పీల్చుకుంటుంది; దాని చిన్న పళ్లు పట్టుకోవడానికే తప్ప నమలడానికి పనికిరావు. అందువల్ల ముక్క దాని తల వెడల్పును మించకూడదు. బ్లడ్‌వర్మ్‌లు కరిగిన నీటిలో ఆ ముక్కను కాసేపు నానబెట్టి, తెలిసిన వాసన పట్టించండి. తర్వాత మెత్తటి కొన ఉన్న పట్టకారుతో పట్టుకుని మూతికి కొంచెం పక్కగా నెమ్మదిగా కదిలించండి. చూపు అంతంతమాత్రమైన ఈ జీవి వాసననూ నీటి కదలికనూ బట్టే ఆహారాన్ని గుర్తిస్తుంది. కనురెప్పలు లేని ప్రాణికి వెలుతురు ఇబ్బంది కనుక ఈ పని దీపాలార్పిన తర్వాత చేస్తే మంచిది.

రెండో జవాబు:
దగ్గరికే రాని దాని విషయంలో ముందు నీటిని పరీక్షించండి. వీటికి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ హాయిగా ఉంటుంది. అంతకు బాగా మించి వేడెక్కితే మొదట తగ్గేది ఆకలే. వ్యర్థాల వల్ల నీటిలో చేరే విషపదార్థాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. మొప్పలు ముందుకు వంగి ఉంటే ఒత్తిడిలో ఉందని అర్థం.

ఆకలితో లొంగదీయడాన్ని నేను సమర్థించను. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఆక్సోలోటల్ వారం పైగా తినకపోయినా తట్టుకుంటుంది గానీ, మీవి ఇంకా ఎదుగుతున్నాయి. ముందు వానపాము చూపించండి, కాదంటే కాసేపాగి బ్లడ్‌వర్మ్‌లను మామూలు కంటే తక్కువగా పెట్టండి. పొట్ట వెడల్పు తల వెడల్పుకు దగ్గరగా ఉన్నంతకాలం తొందర అక్కర్లేదు. తినకుండా వదిలేసిన ముక్కను మాత్రం వెంటనే తీసేయండి, లేకపోతే అది కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. రెండో తొట్టి కిటికీ పక్కన ఉంది. కొలిచి చూస్తే మధ్యాహ్నానికి నీరు 23 డిగ్రీలకు చేరుతోంది. వానపాములు కుదిరేదాకా చిన్న చేపలను ఇవ్వవచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు:
ముందుగా ఆ తొట్టిని ఎండ పడని చోటికి మార్చి, నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. ఆవిరయ్యే కొద్దీ నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. అది కుదుటపడేదాకా దాని ఆహారం మార్చే ప్రయత్నమే వద్దు.

చేపలు వద్దు. వాటి ద్వారా పరాన్నజీవులు రావచ్చు. పైగా గోల్డ్‌ఫిష్‌లో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బీ1ను నాశనం చేస్తుంది. వానపాములను కూడా పురుగుమందులు చల్లిన నేల నుంచి తవ్వి తేవద్దు, ఆక్సోలోటల్ చర్మం, మొప్పలు రసాయనాలను చాలా తేలికగా పీల్చుకుంటాయి.