స్పీకింగ్ పరీక్షకు సమాధానాలు కంఠస్థం చేసి వెళ్లవచ్చా?

పానగల్లు విద్యార్థి (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ పక్కన పానగల్లు. విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు వచ్చే నెలలో హాజరవుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాణ్ని కాబట్టి చదవడమూ రాయడమూ సాధనతో కొంత దారికి వచ్చాయి గాని, ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఇంగ్లీషులో ప్రశ్న వేస్తే తెలిసిన మాట కూడా నోటికి అందడం లేదు. నేను చేరిన కోచింగ్ కేంద్రంలో వంద క్యూ కార్డులకు (స్పీకింగ్ పరీక్షలో మాట్లాడవలసిన అంశం రాసి ఇచ్చే కార్డులు) సమాధానాలు అచ్చువేసిన పుస్తకం ఇచ్చి, పొల్లుపోకుండా కంఠస్థం చేయమన్నారు. ఇప్పటికి నలభై దాకా వచ్చాయి.

మొన్న రాత్రి ‘మీరు గౌరవించే ఒక పెద్దమనిషి గురించి చెప్పండి’ అన్న కార్డుకు సమాధానం అప్పజెబుతుంటే మా అక్క విని, ‘‘ఇది ఎవరి తాత గురించిరా?’’ అని అడిగింది. పుస్తకంలోని తాత విశ్రాంత బ్యాంకు అధికారి, మనవణ్ని సెలవుల్లో మంచుకొండలకు తీసుకెళ్లినవాడు. మా తాత ఉదయ సముద్రం చెరువు కింద రెండెకరాల వరి పండించిన రైతు. అక్కకు ఏం చెప్పాలో తోచలేదు. ఆనాటి నుండి పుస్తకం తెరిస్తే మనసు నిలవడం లేదు. మిగిలిన అరవై కూడా కంఠస్థం చేయాలా, లేక ఇంత తక్కువ సమయంలో వేరే దారి ఉందా? ఈ పరీక్ష రాసినవారు, నేర్పేవారు చెప్పగలరు.

మిర్యాలగూడ వాసి

తమ్ముడూ, కంఠస్థం చేయడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. నేను మూడేళ్ల కిందట అదే పద్ధతిలో సిద్ధమై స్పీకింగ్‌లో తొమ్మిదికి 6 తెచ్చుకున్నాను, నేను దరఖాస్తు చేసిన కోర్సుకు అది సరిపోయింది. మా నాన్న రైస్ మిల్లులో హమాలీ. మా ఇంట్లో గాని, మా వాడలో గాని ఇంగ్లీషులో ఒక్క వాక్యం మాట్లాడేవారు లేరు. అలాంటి ఇంటి నుండి వచ్చినవాడికి ‘సహజంగా మాట్లాడు’ అని చెప్పడం, బావి చూడనివాణ్ని ఈదమన్నట్లే ఉంటుంది.

మనం ఎక్కాలు నేర్చింది, శతక పద్యాలు నేర్చింది కంఠస్థం చేసే కదా. నోటికి వచ్చినదే తర్వాత బుద్ధికి ఎక్కుతుంది. ఇంగ్లీషు ఇంట్లోనే వినే పిల్లలు కూడా ఆ వాక్యాలను చిన్నప్పటి నుండి కంఠస్థం చేసినవారే. వారికి పదిహేనేళ్లు దొరికాయి, మనకు రెండు నెలలు దొరికాయి, తేడా అంతే. తాత బ్యాంకు అధికారా, రైతా అని పరీక్షకుడు విచారించడు. నిజం చెప్పినందుకు ఈ పరీక్షలో మార్కు లేదు. ఫీజు 17,000 రూపాయలు దాటిపోయిన కాలంలో, నోరు పెగలక మౌనంగా బయటికి రావడం కంటే నేర్చుకున్నది చెప్పి రావడమే మేలు.

మహబూబ్‌నగర్ టీచర్

మిర్యాలగూడ తమ్ముడు చెప్పిన కష్టం నాకు బాగా తెలుసు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధిస్తాను. 2022-23 విద్యా సంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది, కానీ మాధ్యమం మారినంత మాత్రాన నోరు తిరగదని రోజూ తరగతి గదిలో చూస్తున్నాను. నిజం చెప్పినందుకు మార్కు లేదన్న మాట కూడా సరైనదే. అయినా ఆ పుస్తకాన్ని పక్కన పెట్టమనే చెబుతాను, ఎందుకంటే ఆ పద్ధతి పరీక్ష నిర్మాణం ముందు నిలవదు.

స్పీకింగ్ మొత్తం 11 నుండి 14 నిమిషాలు. మొదటి భాగంలో నాలుగైదు నిమిషాల పాటు ఊరు, చదువు, పని, అలవాట్లు వంటి తెలిసిన సంగతులు అడుగుతారు. రెండో భాగంలో కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, రాసుకోవడానికి కాగితం, పెన్సిలు ఇస్తారు. తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. మూడో భాగంలో మళ్లీ నాలుగైదు నిమిషాలు అదే అంశాన్ని విస్తరించి చర్చిస్తారు. కంఠస్థం చేసిన సమాధానం పనికివచ్చేది ఆ మధ్యనున్న రెండు నిమిషాలకే. మంచుకొండల తాత గురించి అందంగా చెప్పిన అబ్బాయిని, వెంటనే ‘మీ ప్రాంతంలో వృద్ధుల బాధ్యత ఎవరిది, అది మారుతోందా?’ అని అడుగుతారు. అప్పుడు ఏడో బ్యాండు (మార్కుల స్థాయి) భాష హఠాత్తుగా అయిదో బ్యాండు భాషగా మారిపోతుంది. ఆ మార్పును గుర్తుపట్టడానికి పరీక్షకుడికి ప్రత్యేకమైన తెలివి అక్కరలేదు, వింటే చాలు.

మార్కులు నాలుగు అంశాలకు సమానంగా ఉంటాయి: ధారాళత-పొందిక ఒకటి, పదసంపద ఒకటి, వ్యాకరణ వైవిధ్యం-శుద్ధత ఒకటి, ఉచ్చారణ ఒకటి. ఈ కొలమానాలను నిర్వాహకులే బహిరంగంగా ప్రచురించారు, డబ్బు పెట్టి కొనవలసిన రహస్యం అందులో ఏదీ లేదు. మూడో బ్యాండు వ్యాకరణ వివరణలో, కంఠస్థం చేసినట్లు కనబడే మాటల్లో తప్ప మిగతా చోట్ల తప్పులు ఎక్కువగా ఉండటం ఒక లక్షణంగా రాసి ఉంది. మనం ఇంత కష్టపడి మూడో బ్యాండు లక్షణాన్ని అలవాటు చేసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. పై బ్యాండుల వారు కూడా మధ్యలో ఆగుతారు. అయితే వారు ఆగేది ఏం చెప్పాలా అని ఆలోచించడానికే గాని, ఏ మాట వాడాలా అని వెతుక్కోవడానికి కాదు. తన సొంత సంగతి చెప్పేవాడి తడబాటు మొదటి రకానికి దగ్గరగా ఉంటుంది, అప్పజెప్పేవాడు ఒక పంక్తి మరిచిపోతే మొత్తం మరిచిపోతాడు.

ఇక ఏం చేయాలన్న విషయానికి వస్తాను. మా ఊరి పిల్లలతో నేను చేయించే పనే చెబుతున్నాను. పిల్లలమర్రి గురించి తెలియనివారు పాలమూరులో లేరు. 2017 డిసెంబరులో ఆ మర్రి పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది, చెదలు చెట్టును లోపలి నుండి తినేశాయని తేలింది, సందర్శకులను ఆపేశారు. 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్లు సీసాలు వేలాడదీసి, చెట్టులోకి చుక్క చుక్కగా చెదల మందు ఎక్కించారు. ఈ సంగతిని ముందు తెలుగులోనే రెండు నిమిషాలు చెప్పమంటాను. ఏ పిల్లవాడూ ఆగడు. అప్పుడు ఇంగ్లీషుకు ఏ మాటలు కొరవడ్డాయో అడుగుతాను: టర్మైట్స్, బ్రాంచ్, ట్రంక్, రూట్స్, ఇన్ఫెక్టెడ్, డ్రిప్, విజిటర్స్. పది మాటలకు మించవు. ఆ పది మాటలు కంఠస్థం చేయండి, వద్దనను. వాక్యాలు మాత్రం ప్రతిసారీ కొత్తగా పుట్టాలి. ఫోనులో రికార్డు చేసుకుని విని, మర్నాడు అదే సంగతిని మరొక మనిషికి చెప్పాలి. ఇలా ఒక్క పిల్లలమర్రి సిద్ధమైతే, ‘మీరు చూసిన చారిత్రక ప్రదేశం’, ‘ప్రకృతిని కాపాడిన ఒక సంఘటన’, ‘మీరు అతిథులకు చూపించదలచిన చోటు’ వంటి అనేక కార్డులకు అదే ముడిసరుకు అవుతుంది. మూడో భాగంలో పర్యాటకం వల్ల లాభనష్టాలు అడిగినా చెప్పడానికి చేతిలో ఒక చెట్టు ఉంటుంది. వంద సమాధానాలు అక్కరలేదు, నీవి అనదగిన పదిహేను సంగతులు చాలు.

దేవరకొండ నర్సు

టీచర్ గారి మాటల్లో చాలా భాగం ఒప్పుకుంటాను, ఒక్క విషయంలో నాకు సందేహం ఉంది. నేను బ్రిటన్ నర్సింగ్ రిజిస్ట్రేషన్ కోసం సిద్ధమయ్యాను. అక్కడ ఐఈఎల్‌టీఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడటం మూడింటిలోనూ 7, రాయడంలో 6.5 కావాలి. మొదటిసారి స్పీకింగ్‌లో 6.5 దగ్గర ఆగిపోయాను. ముందు తెలుగులో ఆలోచించుకుని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చడమే నా పొరపాటని తర్వాత తెలుసుకున్నాను. ‘రెండేళ్ల నుండి పని చేస్తున్నాను’ అన్నది నా నోట ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అని వచ్చేది, తెలుగు వాక్యం దానికింద అలాగే ఉండేది. అందుకే తెలుగులో మొదలుపెట్టమంటే నాకు భయంగా ఉంది.

యాస గురించి కూడా ఒక మాట. నేను మూడు నెలలు వీడియోలు చూసి విదేశీ యాసను అనుకరించాను, అది శుద్ధ దండగ. ఈ పరీక్ష మన యాసను తప్పు పట్టదు, మన మాట ఎదుటివారికి శ్రమ లేకుండా అర్థమవుతుందా లేదా అన్నదే చూస్తుంది. నాకు నిజంగా అడ్డుపడినవి వేరు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి నేను బుక్, కప్ అనవలసిన చోట బుక్కు, కప్పు అనేదాన్ని. వర్క్డ్, ఆస్క్డ్ అన్న మాటల చివరి శబ్దాన్ని మింగేసేదాన్ని, దానితో జరిగిపోయిన సంగతి జరుగుతున్నట్లు వినబడేది. ప్రతి అక్షరాన్నీ సమానంగా పలికే అలవాటు వల్ల వాక్యంలో ముఖ్యమైన మాట ఏదో వినేవారికి తెలిసేది కాదు. వీటిని సరిచేసుకోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది, రెండోసారి 7 వచ్చింది. తోటి నర్సులకు మరొక సంగతి: వైద్య రంగం వారి కోసం పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీని కూడా అక్కడ ఆమోదిస్తారు. అందులో రోగితోనో, బంధువుతోనో మాట్లాడే రెండు సన్నివేశాలు ఉంటాయి, వార్డులో పని చేసినవారికి ఆ మాటలు కొత్త కాదు.

మహబూబ్‌నగర్ టీచర్

అమ్మా, మీ భయం న్యాయమైనదే. నేను చెప్పిన దాంట్లో ఒక మాట తగ్గింది. తెలుగులో చెప్పించేది సంగతి క్రమం తెలియడానికి, వాక్యాలను మార్చడానికి కాదు. అందుకే తెలుగులో చెప్పిన పూట ఇంగ్లీషులో చెప్పించను, మధ్యలో ఒక రాత్రి గడవనిస్తాను. అయినా ఏడు కావలసినవారికి మీ పద్ధతే మెరుగు కావచ్చు. మాటే రాక ఆగిపోతున్న అబ్బాయికి మాత్రం తెలుగు నుండే మొదలుపెట్టమంటాను.

మిర్యాలగూడ వాసి

మూడో భాగంలో భాష మారిపోతుందన్న మాట నా విషయంలో నిజమే, ఒప్పుకుంటున్నాను. రెండో భాగం తర్వాత నేను మూడు ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యమే చెప్పగలిగాను. 6 దగ్గర ఆగడానికి అదే కారణమేమో ఇంతవరకు ఆలోచించలేదు. అయినా ఒక విషయం వదులుకోను: గదిలోకి వెళ్లిన మొదటి నిమిషంలో గుండె కొట్టుకుంటున్నప్పుడు, పేరు, ఊరు, చదువు చెప్పే నాలుగు వాక్యాలైనా నోటి చివర సిద్ధంగా ఉండాలి. వాటిని కూడా కొత్తగా పుట్టించమంటే నాలాంటివాడు అక్కడే మునిగిపోతాడు. ప్రశ్న అర్థం కానప్పుడు మళ్లీ చెప్పమని అడిగే వాక్యం, ఆలోచించుకోవడానికి ఒక క్షణం తీసుకునే వాక్యం కూడా కంఠస్థమే ఉండాలి.

మహబూబ్‌నగర్ టీచర్

ఆ వాక్యాల విషయంలో మీతో వాదించను. మళ్లీ చెప్పమని అడగడం తప్పేమీ కాదని మా పిల్లలకు నమ్మకం కుదరడానికే చాలా రోజులు పడుతుంది. ఊరి గురించిన జవాబు మాత్రం ఒకే తీరుగా అచ్చుపోసుకోకండి. ‘మీ ఊరు ఎక్కడ?’ అని అడగకుండా ‘మీ ఊరిలో ఏం మారాలి?’ అని అడిగితే పాత జవాబు అడ్డొస్తుంది.

పానగల్లు విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని తాత గురించి తెలుగులో చెప్పాను. చెరువు నిండిన ఏడాది ఆయన తెల్లవారుజామున నన్ను భుజాన ఎత్తుకుని తూము దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లు పొలంలోకి పారే చప్పుడు వినిపించిన సంగతి దానంతట అదే వచ్చింది. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు ఉదయం ఇంగ్లీషులో రికార్డు చేశాను: ఒక నిమిషం 10 సెకన్లు వచ్చింది, నాలుగు చోట్ల ఆగాను, వాటిలో రెండు చోట్ల తూము అన్న మాటకు ఇంగ్లీషు తెలియక ఆగాను. టీచర్ గారూ, స్లూయిస్ అని నిఘంటువులో చూశాను. దాన్ని ఎలా పలకాలో, లేక నీళ్లు వదిలే చిన్న తలుపు అని తేలిక మాటల్లో చెబితే సరిపోతుందో తెలియజేయగలరు. దేవరకొండ అక్కకు అభ్యంతరం లేకపోతే ఆదివారం సాయంత్రం ఫోనులో నా రికార్డు వినిపించి, చివరి శబ్దాలు ఎక్కడెక్కడ మింగుతున్నానో అడగాలని ఉంది.