‘షా’ అన్న మాట వెనక ఒక బడిపంతులు

నిన్న ఇక్కడ ఒక మిత్రులు అడిగారు: “కుతుబ్ షా, పాదుషా అంటాం కదా, ఈ ‘షా’కీ మన ‘క్షత్రియ’కీ చుట్టరికం ఏమైనా ఉందా? షావుకారులో ఉన్నది కూడా ఇదే షానా?”

చివరి ప్రశ్నకి ముందు చెప్పేస్తాను. షావుకారుకి ఈ షాతో సంబంధం లేదండీ. అది సంస్కృతం ‘సాధు’ నుంచి సాహు, సాహుకారు అవుతూ వచ్చిన మాట.

పాదుషాలోని షాకి మాత్రం క్షత్రియతో చుట్టరికం ఉంది. ప్రాచీన పారశీకంలో రాజుని ‘ఖ్షాయథియ’ అనేవారు. నోళ్లలో అరిగి అరిగి అది షాహ్ అయింది. దాని ధాతువుకి అర్థం ‘ఏలడం’. వేదభాషలో ‘క్షయతి’ అంటే ఏలుతాడు, ‘క్షత్రం’ అంటే ఏలుబడి. (నాశనమనే అర్థమున్న క్షయం వేరే ధాతువు, రెంటినీ కలపకండి.)

ఈ ‘ఖ్షాయథియ’ని మనకు చదివి పెట్టినాయన గురించి చెప్పకుండా నేను ఉండలేను. ఆయన గేయోర్గ్ ఫ్రీడ్రిక్ గ్రోటెఫెండ్, 1775లో జర్మనీలోని ముండెన్‌లో పుట్టారు. గోటింగెన్‌లో బడిపంతులు. చదువుకున్నది గ్రీకు, లాటిన్. ప్రాచ్యభాషల్లో పండితుడు కాదు. ఇరాన్‌లో పాత పారశీక రాజుల రాజధాని పెర్సెపోలిస్ గోడల మీది మేకుల్లాంటి రాతల్ని కార్‌స్టెన్ నీబూర్ అనే యాత్రికుడు 1765లో చూసి నకలు రాసుకొచ్చాడు. వాటిని ఎవరూ చదవలేకపోతున్నారు. చదివి చూపిస్తానని గ్రోటెఫెండ్ ఒక స్నేహితుడితో పందెం కాశారట. అప్పటికి ఆయనకి 27 ఏళ్లు.

ఆయన పట్టుకున్న దారి చూడండి. అంతకుముందే సిల్వెస్త్ర్ ద సాసీ అనే ఫ్రెంచి పండితుడు సాసానీయ రాజుల (ఇరాన్‌ని తర్వాతి కాలంలో ఏలిన వంశం) శాసనాలు చదివాడు. వాటిలో వరస ఒకటే: ఫలానావాడు, గొప్ప రాజు, రాజులకు రాజు, ఫలానావాడి కొడుకు. పెర్సెపోలిస్‌లోనూ అదే వరస ఉంటుందని గ్రోటెఫెండ్ ఊహించారు. మాటిమాటికీ వచ్చే మాట ‘రాజు’ అయివుండాలి. రెండు శాసనాలు పక్కపక్కన పెట్టుకున్నారు. ఒకదాంట్లో కొడుకు రాజు, తండ్రి కూడా రాజు. రెండోదాంట్లో ఆ తండ్రే రాజు, అతని తండ్రి పేరు పక్కన మాత్రం రాజు అన్న మాట లేదు! అంటే తాత రాజు కాదు. గ్రీకు చరిత్ర చదివినవారికి ఆ తాత ఎవరో తెలుసు: హిస్టాస్పెస్. కొడుకు డేరియస్, మనవడు జెర్‌క్సెస్, ఇద్దరూ పారశీక చక్రవర్తులు. వాళ్లకంటే ముందటి రాజులు సైరస్, కంబైసెస్ కావచ్చా అని కూడా చూశారు. వాళ్ల పేర్లు ఒకే అక్షరంతో మొదలవుతాయి, శాసనాల్లోని పేర్లు అలా లేవు. జెర్‌క్సెస్ అసలు పేరు ‘ఖ్షయార్షా’. దాని మొదటి రెండు అక్షరాలే ‘రాజు’ అన్న మాటకీ మొదట ఉన్నాయి.

నిఘంటువు లేదు, రెండు భాషల్లో రాసిన తాళంచెవిలాంటి శాసనం కూడా లేదు. ఒక ఇంట్లో తండ్రీకొడుకుల వరస చూసి లిపిని విప్పారు. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1802 సెప్టెంబరులో గోటింగెన్ అకాడమీ ముందుకు ఈ పని వచ్చింది. వాళ్లు వ్యాసాన్ని పూర్తిగా అచ్చు వేయలేదు. 1805లో హేరెన్ అనే చరిత్రకారుడి పుస్తకానికి అనుబంధంగా వెలుగు చూసింది. అసలు కాగితాలు అచ్చయింది 1893లో, అంటే ఆయన పోయిన 40 ఏళ్లకి. ఆయన మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లో, తర్వాత హనోవర్‌లో బడి ఉద్యోగమే చేస్తూ లాటిన్ వ్యాకరణం మీద, ఇటలీ పాత భాషలు ఉంబ్రియన్, ఆస్కన్ మీద పుస్తకాలు రాశారు.

ఆయన చదివిన అక్షరాల్లో తప్పులు చాలానే ఉన్నాయి. వాటిని దిద్దడానికి సంస్కృతం కావలసివచ్చింది. ‘రాజుల యొక్క’ అన్నచోట చివర ఉన్నది ‘-ఆనామ్’ అని 1826లో రాస్క్ అనే భాషావేత్త చూపించాడు. మన ‘దేవానామ్’ లాంటిదే: ఖ్షాయథియ ఖ్షాయథియానామ్, అంటే రాజులకు రాజు. తర్వాతి షాహన్‌షా ఇదే. పైగా ఆ లిపిలో హల్లులో ‘అ’ దాగి ఉంటుందని, మనం ‘క’ అని రాస్తే ‘అ’ కలిసి ఉన్నట్టేనని, 1836లో లాసెన్ అనే సంస్కృత పండితుడు కనిపెట్టాడు. మన పిల్లలు ఒకటో తరగతిలో నేర్చుకునే సంగతి అది.

*

కింద ఇంకొకరు అడిగారు: “శభాష్‌లో కూడా ఈ షా ఉందా అండీ? మరి క్షత్రపులు?”

శభాష్‌లో లేదండీ. అది ‘షాద్ బాష్’, సంతోషంగా ఉండు అని. క్షత్రపులు మాత్రం మన ఇంటివాళ్లే. క్షత్రాన్ని, అంటే రాజ్యాన్ని, కాపాడేవాడు క్షత్రపుడు. పారశీకుల కాలంలో అది రాష్ట్రాధికారి పదవి. గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించిన నహపానుడు ఆ బిరుదు ఉన్నవాడే. ఇంకొకటి కూడా చెప్పాలి. హైదరాబాదులో ‘షహర్’ అంటాం చూడండి, ఆ షహర్ కూడా పారశీకంలోని ‘క్షత్రం’ అరిగి వచ్చిన మాటే.