అప్‌డేట్: గ్రాంటు ఒప్పందంలోని అక్రమ రవాణా షరతు

మాది అమెరికాలో వృద్ధులకు భోజనం అందించే చిన్న స్వచ్ఛంద సంస్థ. ఫెడరల్ గ్రాంటు ఒప్పందంలో మనుషుల అక్రమ రవాణా షరతు మాకెందుకని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మాకూ వర్తిస్తుందని తేలింది. మూలం 2000 నాటి అక్రమ రవాణా బాధితుల రక్షణ చట్టం. మా నుంచి నిధులు తీసుకునే ఉప సంస్థలూ దీనికి కట్టుబడాలి. నేను బెంగపడ్డ నివారణ ప్రణాళిక, ఏటా ఇచ్చే ధ్రువీకరణ మాత్రం అమెరికా బయట చేసే సేవల అంచనా విలువ 5 లక్షల డాలర్లు దాటితేనే. మా వంట ఊరి పొలిమేర దాటదు, కాబట్టి ఆ బెడద లేదు.

నిషేధాల జాబితా చదివాకే మా డైరెక్టరు గారి ముఖం మారింది. వెట్టిచాకిరీ ఒక్కటే కాదు, ఉద్యోగికి తన గుర్తింపు పత్రాలు అందకుండా చేయడం, కొలువు ఇప్పించినందుకు అతని నుంచే రుసుము గుంజడం కూడా అందులో ఉన్నాయి. మా బీరువాలో ఇద్దరు వంటవారి పాస్‌పోర్టులు ఒక గోధుమరంగు కవరులో ఉన్నాయి. భద్రత కోసమేనట! తాళం మాత్రం మేనేజరు జేబులో. ఆ మధ్యాహ్నమే సంతకం తీసుకుని తిరిగి ఇచ్చేశాం.

ఇంకొకటి: ఎవరి నుంచి ఆరోపణ వచ్చినా, ముందు మనమే విచారించుకుందామని కూర్చోకూడదు. గ్రాంటు ఇచ్చిన శాఖకూ, దాని ఇన్‌స్పెక్టర్ జనరల్‌కూ (పోలీసు ఐజీ కాదు, ఆ శాఖలో అక్రమాలపై విచారణ జరిపే స్వతంత్ర అధికారి) వెంటనే తెలపాలి. లేదంటే గ్రాంటే రద్దు కావచ్చు. వంటవారిని పంపిన ఏజెన్సీ వారి దగ్గర డబ్బు తీసుకుందా అని లేఖ రాశాం, జవాబు రావాలి.