ఆట చివర్లో మోకాలు ఆనించే ప్లే: రిఫరీ డిఫెన్స్‌ను ఆపాలా, వదిలేయాలా?

ప్లేనో_నాన్న:
అమెరికన్ ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా అబ్బాయి హైస్కూల్ జూనియర్ జట్టులో సెంటర్. కాళ్ల మధ్య నుంచి బంతిని క్వార్టర్‌బ్యాక్‌కి (బంతి అందుకుని ఆట నడిపించేవాడికి) అందించేది వాడే. పోయిన గురువారం ఆటలో వాళ్లది ఆరు పాయింట్ల ఆధిక్యం. నిమిషం కూడా మిగల్లేదు, అవతలివాళ్లకు టైమ్‌అవుట్లు లేవు. క్వార్టర్‌బ్యాక్ రెండుసార్లు బంతి అందుకుని మోకాలు నేలకు ఆనిస్తే చాలు, ప్లే ఆగినా గడియారం నడుస్తూనే ఉంటుంది, అదే ఆట ముగించేస్తుంది.

రిఫరీ వచ్చి అందరికీ వినపడేలా "మోకాలు ఆనిస్తున్నారు, ఎవరూ కొట్టుకోకండి" అన్నాడు. మావాళ్లు ఆ మాట నమ్మి ఒళ్లు వదులు చేసి నిలబడ్డారు. బంతి కదిలిందో లేదో, ఎదుటి నోస్‌గార్డ్ (సెంటర్‌కి సరిగ్గా ఎదురుగా నిలబడే డిఫెన్స్ ఆటగాడు) తల దించుకుని మావాడి మీదికి దూకాడు. మావాడు వెల్లకిలా పడ్డాడు, ఎడమ కాలు కింద మడతపడింది. ఫ్లాగ్ (ఫౌల్ అని చూపడానికి రిఫరీ విసిరే జెండా) పడలేదు. అడిగితే, అప్పటికి ప్లే లైవ్‌లోనే ఉంది, తప్పేమీ లేదన్నారు. మోకాలు వాచింది, ఇంకా కుంటుతూనే ఉన్నాడు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పిల్లల ఆటల్లో ఒక జట్టు మోకాలు ఆనిస్తానని చెప్పాక డిఫెన్స్ దూకకూడదని రిఫరీ శాసించాలి. దూకితే పదిహేను యార్డుల పెనాల్టీ వేయాలి. ఓడిపోయిన ఆటలో చివరి పది సెకన్ల కోసం ఒకడి మోకాలు పణంగా పెట్టడం ఎందుకు?

ఈగల్స్_వీరాభిమాని:
అన్నా, ముందు బాబు త్వరగా కోలుకోవాలి. కానీ "ఓడిపోయిన ఆట" అనే మాట ఫిలడెల్ఫియాలో ఎవరూ ఒప్పుకోరు. 1978 నవంబర్ 19, జెయింట్స్ స్టేడియం, మా ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి న్యూయార్క్ జెయింట్స్‌తో ఆట. జెయింట్స్ 17, ఈగల్స్ 12. బంతి జెయింట్స్ దగ్గర, మిగిలింది అర నిమిషం, ఈగల్స్ చేతిలో టైమ్‌అవుట్ లేదు. క్వార్టర్‌బ్యాక్ జో పిసార్చిక్ కింద పడుకుంటే చాలు. పడుకోకుండా లారీ జోంకాకి బంతి అందించబోయాడు, జారింది. కిందపడి ఎగిరిన బంతిని హెర్మ్ ఎడ్వర్డ్స్ అందుకుని 26 యార్డులు పరిగెత్తాడు. 19–17, మేం గెలిచాం. జెయింట్స్ అఫెన్స్ (బంతి చేతిలో ఉన్న వైపు) కోఆర్డినేటర్ బాబ్ గిబ్సన్ ఉద్యోగం మర్నాడే పోయింది.

ఇవాళ విక్టరీ ఫార్మేషన్ అని పిలిచేది, క్వార్టర్‌బ్యాక్‌కి అటూ ఇటూ ఇద్దరు, చాలా వెనక ఒకడు కాపలా, ఇదంతా ఆ దెబ్బతో స్థిరపడిందే. ఆ వెనక నిలబడేవాడి పనేమిటి? బంతి జారితే, దాన్ని ఎత్తుకుని పరిగెత్తేవాణ్ని పట్టుకోవడం. అఫెన్స్ అంత జాగ్రత్త పడుతోందంటే బంతి జారవచ్చని వాళ్లకూ తెలుసు. అలాంటప్పుడు డిఫెన్స్‌ను మాత్రం చేతులు కట్టుకుని నిలబడమనడం ఏం న్యాయం?

అట్లాంటా_జాకెట్:
నాదీ అదే మాట. నేను జార్జియా టెక్‌లో చదివాను. 2023 అక్టోబర్ 7 రాత్రి మయామీ మీద మా ఆట. మయామీ 20–17తో ముందుంది, మాకు టైమ్‌అవుట్లు లేవు. మోకాలు ఆనిస్తే అయిపోయేది. వాళ్లు బంతితో పరిగెత్తించారు, 26 సెకన్లు ఉండగా ఫంబుల్ (బంతి చేజారింది), బంతి మాకు. 74 యార్డులు పోవాలి. ఒక్క సెకను మిగిలుండగా హేన్స్ కింగ్ విసిరిన 44 యార్డుల పాస్‌ని క్రిస్టియన్ లియరీ పట్టి గోల్‌లైన్ దాటించి టచ్‌డౌన్ చేశాడు. 23–20. చివరి విజిల్ దాకా ఆడమని పిల్లలకు మనమే చెప్తాం కదా. అదే పని చేసినవాడికి పెనాల్టీ వేస్తారా?

శుక్రవారం_విజిల్:
నేను ఇక్కడ టెక్సాస్‌లో స్కూలు ఆటలకు రిఫరీగా చేస్తుంటాను. అందుకే ఈ విషయం మీద కాస్త వివరంగా రాస్తాను.

ముందు జాకెట్ బ్రదర్‌కి. మయామీ వాళ్లు మోకాలు ఆనించలేదు కదా. మామూలు రన్ ప్లే ఆడారు. అక్కడ డిఫెన్స్ కొట్టడం మీద ఎవరికీ తగువు లేదు. మన ప్రశ్న వేరు. 1978 కథలో కూడా ఈగల్స్ సోదరుడు ఒక ముక్క వదిలేశారు. ఆ ఫంబుల్‌కి కాస్త ముందు ఒక ప్లేలో పిసార్చిక్ నిజంగానే కింద పడుకున్నాడు. అప్పుడు ఈగల్స్ లైన్‌బ్యాకర్ బిల్ బెర్గీ సెంటర్ మీదికి దూకి అతన్ని వెనక్కి నెట్టేశాడు. క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగులుతుందేమో, గొడవ అవుతుందేమో అన్న భయం జెయింట్స్ బెంచ్‌కి అప్పుడు పట్టుకుంది. అందుకే ఆ తర్వాత రన్ పిలిచారు. అంటే డిఫెన్స్ దూకడం వల్ల ఫలితం వచ్చింది. మన ప్లేనో నాన్నగారు భయపడుతున్నదీ సరిగ్గా దాని గురించే.

ఇప్పుడు అసలు విషయం. టెక్సాస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ కొద్దిపాటి మార్పులతో కాలేజీ నిబంధనల మీద నడుస్తుంది. ఆ నిబంధనల్లో బంతి పట్టుకున్నవాడు మోకాలు ఆనించినా, ఆనించినట్టు చేసినా ప్లే అక్కడే ఆగిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌ (ప్రొఫెషనల్ లీగ్)లోనూ అంతే. కానీ బంతి కదిలినప్పటి నుంచి మోకాలు వంగేదాకా ఉన్న ఆ ఒక్క క్షణం ప్లే లైవ్. ఆ క్షణంలో డిఫెన్స్ ముందుకు రావచ్చు. దాన్ని ఆపే అధికారం ఏ పుస్తకమూ రిఫరీకి ఇవ్వలేదు.

కాబట్టి నా దృష్టిలో ఆ రోజు రిఫరీ చేసిన తప్పు ఫ్లాగ్ వేయకపోవడం ఒక్కటే కాదు. "ఎవరూ కొట్టుకోకండి" అనడం దానికన్నా పెద్ద తప్పు. ఒకవైపు పిల్లలు దాన్ని హామీ అనుకుని ఒళ్లు వదిలేశారు. ఎదుటివాడు దాన్ని సలహా అనుకుని పక్కన పెట్టాడు. తన చేతిలో లేనిదానికి రిఫరీ మాట ఇవ్వకూడదు. తన చేతిలో ఉన్నది విజిల్, ఫ్లాగ్. వాటి గురించే చెప్పాలి. నేనైతే రెండు లైన్ల మధ్యకి వెళ్లి ఇలా అంటాను: "బంతి కదిలితే లైవ్. మోకాలు వంగగానే విజిల్. విజిల్ తర్వాత ఎవరు ముట్టుకున్నా ఫ్లాగ్." సెంటర్‌తో విడిగా, "దెబ్బ కాచుకో, మామూలు ప్లే లాగే కాలు బిగించి నిలబడు" అని చెప్తాను.

ఫ్లాగ్ విషయానికొస్తే, తల దించి హెల్మెట్ పైభాగంతో గట్టిగా గుద్దితే ప్లే లైవ్‌లో ఉన్నా, ఎవర్ని గుద్దినా ఫౌలే. నోస్‌గార్డ్ నిజంగా అలా వచ్చుంటే ప్లే లైవ్‌లో ఉందన్న సమాధానం చెల్లదు.

డల్లాస్_ఫిజియో:
నేను చికిత్స చేసే వైపు నుంచి చెప్తాను. మోకాలు ఎక్కువగా పోయేది ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు కాదు. పాదం నేలలో పాతుకుని ఉండగా పక్క నుంచో వెనక నుంచో ఇంకొకరి బరువు కాలి మీద పడ్డప్పుడు. కండరాలు బిగించి ఉన్న కాలికి, వదులుగా ఉన్న కాలికి చాలా తేడా. నీల్‌డౌన్‌లో (మోకాలు ఆనించే ప్లేలో) లైన్‌మన్లు భుజానికి భుజం, పాదానికి పాదం ఆనించి ఇరుక్కుని నిలబడతారు. ఒకడు వెనక్కి పడితే పక్కవాడి కాలి మీద పడతాడు. విజిల్ అన్నగారూ, మీరు చెప్పిన "కాలు బిగించు" అన్న మాట మంచిదే. కానీ పదిహేనేళ్ల పిల్లల్లో ఎంతమంది దాన్ని చెవిన పెడతారు? ఆట గెలిచాం అన్న సంతోషంలో ఉంటారు. అందుకే స్కూలు స్థాయిలో నిబంధనే మారాలంటాను. అఫెన్స్ చెప్పేస్తే లైన్లు రెండూ నిలబడే ఉండాలి, క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోగానే విజిల్ పడాలి.

సియాటిల్_చారి:
నిలబడే ఉండాలంటే ఎక్కడ? 2015 ఫిబ్రవరి 1 సూపర్‌బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్), న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌తో మా సియాటిల్ ఆట గుర్తుందా అక్కా? మా పాస్‌ని మాల్కమ్ బట్లర్ మధ్యలో పట్టేశాక పేట్రియట్స్‌కి బంతి సొంత ఒక యార్డు గీత దగ్గర దొరికింది. అక్కడ మోకాలు ఆనిస్తే సొంత గోల్‌లైన్ వెనక ఎండ్‌జోన్‌లో పడి సేఫ్టీ (ఎదుటివాళ్లకు రెండు పాయింట్లు) అవుతుంది. వాళ్లు 28–24తో ముందున్న ఆటలో అది చిన్న విషయం కాదు, పైగా బంతిని మాకు తన్నాలి. మా మైకేల్ బెనెట్ తొందరపడి గీత దాటి ఐదు యార్డులు ఇచ్చేశాడు. దాంతో వాళ్లకి మోకాలు ఆనించే చోటు దొరికింది. ఆ తర్వాత జరిగిన కొట్లాటలో మా బ్రూస్ ఇర్విన్‌ని ఆట నుంచి బయటికి పంపారు. దాన్ని నేను సమర్థించను. కానీ సొంత గోల్‌లైన్ దగ్గర ఉన్న జట్టు "మేం మోకాలు ఆనిస్తాం" అని ఒక్క మాట చెప్పి డిఫెన్స్‌ను నిలబెట్టేస్తే ఎలా? 2022 నవంబర్‌లో బఫెలో జాష్ ఆలెన్ సొంత గోల్‌లైన్ దగ్గర స్నాప్ (సెంటర్ అందించే బంతి) జార్చుకుంటే మిన్నెసోటా ఎరిక్ కెండ్రిక్స్ బంతి మీద పడి టచ్‌డౌన్ చేశాడు. సెంటర్ చేతిలోంచి క్వార్టర్‌బ్యాక్ చేతిలోకి బంతి చేరడమూ ఆటలో భాగమే. దాన్ని ఉచితంగా ఇవ్వకూడదు.

లెక్కల_మాస్టారు:
అసలు ఆ స్నాప్ ఎందుకు? ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే సమయం) 40 సెకన్లు. అవతలివాళ్లకు టైమ్‌అవుట్లు లేకపోతే ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మొదటిది) నుంచి మూడు నీల్‌డౌన్లతో రెండు నిమిషాల పైచిలుకు కరిగిపోతుంది. ఆ లెక్క తేలాక రిఫరీ ఆట ముగిసిందని ప్రకటించేస్తే సరిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఇలాంటి పని ఒకసారి చేసింది కూడా. 2018 జనవరి 14న మిన్నెసోటా చివరి ప్లేలో టచ్‌డౌన్ చేసి న్యూ ఆర్లిన్స్ సెయింట్స్ మీద 29–24తో గెలిచింది. అయినా నిబంధన ప్రకారం కన్వర్షన్ (టచ్‌డౌన్ తర్వాత అదనపు పాయింట్ల కోసం ఆడే ప్లే) ఆడాల్సి వచ్చింది. లాకర్ రూమ్‌కి వెళ్లిపోయిన సెయింట్స్ ఆటగాళ్లను వెనక్కి పిలిపించారు, కేస్ కీనమ్ మోకాలు ఆనించాడు. ఆ ఏడాదే ఆ నిబంధన తీసేశారు. అర్థం లేని స్నాప్‌ని తీసేయవచ్చని వాళ్లే ఒప్పుకున్నట్టు కదా?

శుక్రవారం_విజిల్:
మాస్టారూ, అక్కడ సమయం పూర్తిగా అయిపోయింది, ఆధిక్యం మారే దారి లేదు. ఇక్కడ గడియారం ఇంకా నడుస్తోంది, బంతి చేతులు మారాలి. ఆ రెండూ ఒకటి కావు. ఆధిక్యం ముప్పై పాయింట్లుంటే రెండు కోచ్‌లూ ఒప్పుకుని గడియారం నడవనిస్తారు, మేమూ సంతోషంగా ఒప్పుకుంటాం. ఆరు పాయింట్ల ఆటలో ఏ కోచ్ ఒప్పుకుంటాడు?

చారిగారు చెప్పిన గోల్‌లైన్ సంగతి నాకు బలంగా తోస్తోంది. అందుకే డిఫెన్స్‌ను కట్టేయడానికి ఒప్పుకోను. కానీ మాట బంధించాల్సింది రెండో వైపు. మోకాలు ఆనిస్తానని నాకు చెప్పిన జట్టు ఆ మాటను మోసానికి వాడుకోకూడదు. 2021లో ఏసీసీ అనే కాలేజీ లీగ్ ఫైనల్లో పిట్స్‌బర్గ్ క్వార్టర్‌బ్యాక్ కెనీ పికెట్ జారి కూర్చోబోతున్నట్టు చేశాడు. అలా కూర్చునేవాణ్ని కొట్టకూడదు కాబట్టి వేక్ ఫారెస్ట్ వాళ్లు ఆగారు. అతను లేచి పరిగెత్తాడు, 58 యార్డుల టచ్‌డౌన్. కొద్ది రోజుల్లోనే కాలేజీ ఫుట్‌బాల్‌లో దాన్ని ఆపేశారు, అలా నటిస్తే అక్కడే విజిల్. ఎందుకు ఆపారు? రక్షణ కోసం పెట్టిన నిబంధనను నమ్మి ఆగినవాడు నష్టపోతే రేపటి నుంచి ఎవడూ ఆగడు, నిజంగా కూర్చోబోయేవాణ్ని కూడా కొడతారు. నీల్‌డౌన్‌కీ అదే వర్తిస్తుంది.

ఈగల్స్_వీరాభిమాని:
మోసం ఆటలో లేదా? 1994లో క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో గడియారం ఆపడానికి బంతి నేలకేసి కొడుతున్నట్టు చేతితో చూపించి టచ్‌డౌన్ విసిరాడు. ఇప్పటికీ అందరూ మెచ్చుకుంటారు.

శుక్రవారం_విజిల్:
మరీనో రిఫరీకి మాట ఇవ్వలేదు, డిఫెన్స్‌ను మాత్రమే ఏమార్చాడు. డిఫెన్స్ ఆగమని నిబంధన ఎక్కడా అడగలేదు. తేడా అక్కడుంది.

డల్లాస్_ఫిజియో:
సరే, ప్రోస్ సంగతి మీరన్నట్టే అనుకుందాం. 2012లో టంపాబే కోచ్ గ్రెగ్ షియానో, ఐదు సెకన్లు ఉండగా జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ ఎలై మానింగ్ మోకాలు ఆనిస్తుంటే డిఫెన్స్‌ను దూకించాడు. మానింగ్ వెనక్కి పడ్డాడు, జెయింట్స్ కోచ్ టామ్ కాఫ్లిన్ మైదానం మధ్యలోనే షియానోని నిలదీశాడు. అది నిబంధనలకు విరుద్ధం కాదని లీగ్ తేల్చింది. వాళ్లు పెద్దవాళ్లు, జీతం తీసుకుని ఆడేవాళ్లు. స్కూలు పిల్లలకీ అదే కొలత ఎందుకు?

శుక్రవారం_విజిల్:
అక్కా, ఈ ఒక్కచోట మీతో సగం ఏకీభవిస్తాను. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి ఆటల్లో, స్కూళ్ల మధ్య ముందే ఒప్పందం ఉంటే, బంతి క్వార్టర్‌బ్యాక్ చేతిలో పడగానే విజిల్ వేయవచ్చు. హైస్కూల్‌లో ఒప్పుకోను. అక్కడ డిఫెన్స్‌లో ఉన్న పిల్లాడికి కూడా తండ్రి ఉంటాడు, గెలిచే అవకాశం తీసేశారని అతనూ ఇలాగే అడుగుతాడు.

ప్లేనో_నాన్న:
అందరివీ చదివాను. విజిల్ గారు చెప్పినట్టు రిఫరీ ఆ మాట అనకుండా ఉంటే మావాడు గట్టిగా నిలబడేవాడేమో. అయినా డిఫెన్స్‌ను వదిలేయాలన్నది నాకింకా మింగుడు పడటం లేదు. ఒకటి అడుగుతాను. మీరు రిఫరీగా ఉండి, విజిల్ తర్వాత ఎవడైనా కొడితే పదిహేను యార్డులతో ఏం ఒరుగుతుంది? ఆట అయిపోయింది, బంతి మాదే. ఓడిన జట్టుకి ఆ యార్డులతో పనేముంది?

శుక్రవారం_విజిల్:
ఏమీ ఒరగదు, అది నిజం. ఆ సమయంలో యార్డులు శిక్షే కాదు. అందుకే ఫ్లాగ్ దగ్గర ఆగకూడదు. విజిల్ తర్వాత కావాలని కొట్టినవాణ్ని బయటికి పంపాలి. కాలేజీ నిబంధనల్లో ద్వితీయార్ధంలో కొట్లాటకు దిగినవాడు తర్వాతి ఆట మొదటి సగం కూడా కూర్చోవాలి. వచ్చే వారం ఆట పోతుందంటే ఏ కోచ్ అయినా తన కుర్రాణ్ని పట్టుకుంటాడు. "ఆఖరి ప్లే కదా, పోనీలే" అని జేబులోంచి ఫ్లాగ్ తీయని రిఫరీలు ఉన్నారు. నాకు కోపం వచ్చేది వాళ్ల మీదే.

ఇంకో పని కూడా చేయాలి. మామూలుగా నేను క్వార్టర్‌బ్యాక్‌కి పది, పన్నెండు యార్డుల వెనక నిలబడతాను. ఈ ప్లేకి బాగా దగ్గరికి వస్తాను. అంపైర్ డిఫెన్స్ లైన్‌కి దగ్గరగా వచ్చి సెంటర్, నోస్‌గార్డ్ ఇద్దరి మీదే చూపు పెడతాడు. గీత కొసల్లో ఉన్న ఇద్దరు అధికారులూ విజిల్ పడగానే లోపలికి నడిచొస్తారు, "అయిపోయింది, లేవండి" అంటూ. గొడవలు ఎక్కువగా పుట్టేది విజిల్ పడ్డాక, పైన పడ్డవాడు లేవకుండా తోసినప్పుడు. మేం నలుగురం అక్కడ ఉంటే ఆ తోపు మొదలవ్వదు.

సియాటిల్_చారి:
స్నాప్ జారి బంతి నేల మీద దొర్లితే? అంత దగ్గరగా నిలబడి అలవాటుగా విజిల్ ఊదేస్తే డిఫెన్స్ నోట్లో మన్నే కదా.

శుక్రవారం_విజిల్:
అందుకే విజిల్ నోట్లో పెట్టుకోను, చేతిలో పట్టుకుంటాను. బంతి వాడి చేతుల్లో కనపడాలి, మోకాలు వంగాలి, అప్పుడే నోటి దగ్గరికి. బంతి నేల మీదుంటే ఊదను. ఎవరు పడి పట్టుకుంటే వాళ్లది.